పెద్ద బ్లాకు, చిన్న బోల్టులు

మామగారు ఇంజను కట్టారంటే ఆ చుట్టుపక్కల దానికి తిరుగు లేదు. నీళ్ల పంపు మొదలుకుని లారీ దాకా ఆయన చేతి మీదుగా వెళ్లని ఇంజను ఆ వీధుల్లో అరుదు. అందరూ మేస్త్రీ అనే పిలిచేవారు. కోపం వచ్చిన రోజున అత్తగారు కూడా మేస్త్రీగారూ అనే పిలిచేవారు, అప్పుడు ఆయన మారు మాట్లాడకుండా లేచి వెళ్లేవారు. అంతటి మనిషి ఒక పూట భోజనాల దగ్గర, కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినంత మామూలుగా, "ఈ ఇంజను నువ్వే కట్టమ్మా. మొదటి నుంచి చివరిదాకా నీదే. నేను ముట్టుకోను," అన్నారు. కోడలు చేతిలో ముద్ద కంచంలోనే వదిలేసింది. నీళ్లు తాగి, "అలాగే మామయ్యా," అంది.

ఆమె పుట్టింటివాళ్లది లేత్ షాపు. సిలిండర్లు తొలిచే మిషను చప్పుడు వినబడితే తప్ప పసితనంలో నిద్రపోయేది కాదని వాళ్లమ్మ ఇప్పటికీ చెబుతుంది. అలా పెరిగిన మనిషి కాబట్టి కొలవందే దేన్నీ నమ్మదు. కాపురానికి వచ్చిన కొత్తలో వంటింటి తలుపు సరిగ్గా పడటం లేదంటే, అందరూ తలుపుని తిడుతుంటే, ఈమె టేపు తెచ్చి కొలిచి తలుపు తప్పేం లేదనీ, ఇల్లే ఒక పక్కకి ఒరిగిందనీ తేల్చింది. కొత్త కోడలు వస్తూనే ఇంటికి వంక పెట్టిందని అత్తగారు నవ్వలేక నవ్వారు. ఆ రోజు నుంచీ ఆమె పేరు కొలతలమ్మ. ఇంటి ముందు భాగంలోనే షాపు, వెనక కాపురం. ఇన్నేళ్లుగా ఆమె మామగారి పక్కన నిలబడి వాల్వులు రుద్దింది, పిస్టన్లకి రింగులు తొడిగింది, బేరింగులు సరిచూసింది. అయినా ఇది నేను కట్టిన ఇంజను అని చెప్పుకోవడానికి ఒక్కటి లేదు. అదొక్కటే ఆమె కోరిక. నగ కావాలంటే మొగుడిని నిలదీసి అడిగేదే గాని, ఈ మాట మాత్రం ఎన్నడూ పెదవి దాటించలేకపోయింది.

మామగారికి ఒక అలవాటు ఉంది. బోల్టులు బిగించడానికి టార్క్ రెంచి అని ఒకటి ఉంటుంది. ఎంత బిగువు కావాలో దానికి ముందే చెప్పిపెడితే, అంత రాగానే టిక్కుమంటుంది. టిక్కుమన్నాక చెయ్యి తీసెయ్యాలి. మామగారు తీసేవారు కాదు. కళ్లు సగం మూసుకుని ఇంకో పిసరు లాగేవారు. "రెంచి మాట రెంచి చెప్పింది. చివరి మాట మనం చెప్పాలి," అనేవారు. తను బిగించినవే కాదు, ఎవరు బిగించినా సరే, సాయంత్రం షాపు మూసేముందు ఆ ఇంజను దగ్గరికి వెళ్లి ఒక్కో బోల్టుకీ చివరి మాట చెప్పి, ఇనుముని ఒకసారి తట్టి, లైటు ఆర్పేవారు. పిల్లలకి దుప్పటి సర్ది పడుకునే తండ్రి తంతు అది. ఆయన కట్టిన లారీలన్నీ లక్షణంగా తిరుగుతున్నాయి, కాబట్టి ఆ పిసరు గురించి ఎవరూ నోరెత్తలేదు.

ఈసారి వచ్చింది లారీ ఇంజను కాదు, ఆయన కూతురి కారుది. ఇంట్లో ఆ పిల్లని తూనీగ అంటారు, పుట్టిన దగ్గర్నుంచీ ఒకచోట కూర్చున్న పాపాన పోలేదు కాబట్టి. వారమంతా జనం పళ్లు పీకే డాక్టరు. సెలవు రోజు వస్తే మాత్రం కొండ దారి మీద ఎవరు ముందు పైకి చేరతారా అని పెట్టే పందేల్లో కారు తోలుతుంది. ఆ కారు చూడటానికి బ్యాంకులో పని చేసి రిటైరైన పెద్దమనిషిలా ఉంటుంది. బానెట్ ఎత్తితే గాని దాని గుణం తెలియదు. లోపల టర్బో ఉంది. ఇంజను వదిలేసే పొగతోనే తిరుగుతూ సిలిండర్లలోకి గాలిని కుక్కి కుక్కి పంపే చక్రం అది. ఎంత గాలి కుక్కితే అంత జోరు, అంత ముప్పు కూడా.

నిరుడు పందెంలో సగం కొండ ఎక్కాక ఇంజను లోపల, పిస్టనుని కింది ఇరుసుకి కలిపే కనెక్టింగ్ రాడ్డు ఒకటి ఊడి, సిలిండర్లున్న బ్లాకు గోడని పగలగొట్టుకుని బయటికి వచ్చింది. తూనీగకి గోరంత దెబ్బ తగల్లేదు. కారు పక్కకి ఆపి తండ్రికి ఫోను చేసి, "నాన్నా, ఇంజనుకి లోపల ఉక్కపోసినట్టుంది, కిటికీ పెట్టుకుంది," అంది. ఇంటిల్లిపాదీ నవ్వారు. మామగారు నవ్వలేదు. కారు షాపుకి వచ్చాక ఆ కన్నంలోకి చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. రాడ్డు వెళ్లింది పక్కకి కాబట్టి సరిపోయింది, కాళ్లవైపు వచ్చి ఉంటే ఏమయ్యేదో ఆయన ఒక్కరే ఆలోచించినట్టున్నారు. చివరికి, "చిన్న బ్లాకు, పెద్ద ఆశ. మొయ్యలేకపోయింది పాపం," అని తీర్పు చెప్పారు.

అలా పెద్ద బ్లాకు మాట వచ్చింది. అదే కంపెనీ సామాన్ల వ్యానులో వాడే బ్లాకు ఒకటి ఉంది, పోత ఇనుముది, ఎత్తు ఎక్కువ, గోడలు మందం. సిలిండర్లకి మూత లాంటి కారు హెడ్డు దాని మీద చక్కగా కూర్చుంటుంది. సిలిండర్లు ఇంకాస్త తొలిచి, క్రాంకు అనే ఆ ఇరుసు మార్చి, పిస్టను ఇంకొంచెం దూరం ప్రయాణించేలా చేస్తే, టర్బో ఎంత కుక్కినా నమిలి మింగే ఇంజను అవుతుంది. ఇదంతా లెక్క కట్టి చెప్పింది కొలతలమ్మే. మామగారు తలూపారు. తరవాతే భోజనాల దగ్గర ఆ మాట అన్నారు. ఎందుకని అత్తగారు అడిగితే, "బ్లాకు చూస్తుంటే నాకు అమ్మాయి కనిపిస్తోందే. చెయ్యి నిలవటం లేదు," అన్నారు. 

బ్లాకు దిగిన పొద్దున కొలతలమ్మ పెందలాడే లేచింది. మొదట పగుళ్లున్నాయేమో చూసింది, తరవాత పుట్టింటికి పంపి సిలిండర్లు తొలిపించింది. తొలిచేటప్పుడు హెడ్డు ఉండాల్సిన చోట మందపాటి ఉక్కు పలక ఒకటి బోల్టులతో బిగించమని తమ్ముడికి పదిసార్లు చెప్పింది. బోల్టులు బిగిస్తే ఇనుము కూడా కొద్దిగా మొహం మారుస్తుంది, ఊరికే ఉన్నప్పుడు గుండ్రంగా ఉన్న సిలిండరు హెడ్డు ఎక్కాక కోడిగుడ్డు అవుతుంది. అందుకే ముందే పలక బిగించి, ఆ బిగువులో గుండ్రంగా వచ్చేలా తొలవాలి.

"అంటే పెళ్లికి ముందు ఎలా ఉన్నాడని కాదు, పెళ్లయ్యాక ఎలా ఉంటాడో చూసి తీసుకోవాలంటావు," అన్నారు మామగారు.

"నేనలా చూసి తీసుకోలేదు మామయ్యా," అంది కొలతలమ్మ.

పక్క గదిలో ఇంజను కంప్యూటరుకి లెక్కలు రాస్తున్న ఆమె భర్త, "నాకు వినపడుతోంది," అన్నాడు.

ఆ రోజులు హాయిగా గడిచాయి. మామగారు మాట మీదే ఉన్నారు. చేతులు వెనక్కి కట్టుకుని, బల్ల చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరిగేవారు గాని, వేలు కూడా చాచేవారు కాదు. "ఆ నడకేమిటి, పోలీసులు తీసుకుపోతున్నట్టు," అని అత్తగారు కాఫీ ఇస్తూ విసుక్కునేవారు. సాయంత్రాలు తూనీగ ఆసుపత్రి నుంచి నేరుగా షాపుకి వచ్చి వదిన పక్కన మెట్టు మీద చేరేది. కొలతలమ్మ పిస్టను రింగుల కొసలు చిన్న ఆకురాయితో అరగదీస్తూ ఉండేది. టర్బో వేడికి రింగు ఉబ్బుతుంది, కొసల మధ్య ఎడం చాలకపోతే ఒకదాన్నొకటి తోసుకుని సిలిండరు గోడకి పట్టేస్తాయి. ఒక రాపిడి, ఒక కొలత, మళ్లీ ఒక రాపిడి.

"అచ్చం నా పనే వదినా. కాకపోతే నీ పేషెంట్లు అరవవు," అంది తూనీగ.

"అరిస్తే బాగుణ్ణు. ఎక్కడ నొప్పో తెలిసేది."

"భయమేస్తోందా?"

కొలతలమ్మ రింగుని సిలిండరులో పెట్టి ఎడం చూసింది. "వేస్తోంది. ఎక్కి కూర్చునేది నువ్వు కదా," అంది. తూనీగ నవ్వేసి వదిన భుజానికి తల ఆనించి, అక్కడే ఉన్న ఇంకో రింగు తీసి ఆడుకోబోతే చేతి మీద ఒకటి తగిలింది.

క్రాంకు కూర్చుంది. చేత్తో తిప్పితే నూనెలో తిరిగినట్టు మెత్తగా తిరిగింది. ఇక మిగిలినవి రాడ్డు బోల్టులు. ఇంజనంతటిలో చిన్నవి అవే, చిటికెనవేలంత ఉంటాయి. పని మాత్రం వాటిదే. పిస్టను పైకీ కిందకీ విసురుగా కొట్టుకుంటూ ఉంటే రాడ్డు విడిపోకుండా పట్టుకునేవి అవే. బిగిస్తే ఆ బోల్టు వెంట్రుకవాసి సాగుతుంది, ఆ సాగడంలోనే దాని పట్టు ఉంది. హద్దు దాటి సాగిందా, ఇక వెనక్కి రాదు. లోపల సత్తువ పోతుంది, పైకి మాత్రం ఎప్పటిలాగే నిగనిగలాడుతూ ఉంటుంది. అందుకని కొలతలమ్మ రెంచిని ఒక్కదాన్నే నమ్మలేదు. ఒక్కో బోల్టునీ బిగించకముందు ఎంత పొడుగో, బిగించాక ఎంత సాగిందో, ముల్లుతో కొలత చూపే డయలు గేజి పెట్టి చూసుకుంది. అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. ఆఖరి బోల్టు దగ్గర ముల్లు గీత మీద నిలబడగానే ఆమెకి ఒళ్లంతా తేలికైపోయింది. బ్లాకు మీద పాత దుప్పటి కప్పి, చేతులు కడుక్కుని, ఆ పూట అత్తగారు వద్దన్నా వంట తనే చేసింది.

మర్నాడు పొద్దున దుప్పటి తీసి ఒక బోల్టుకి మళ్లీ గేజి పెట్టింది. అవసరమై కాదు, నిన్నటి ఆనందాన్ని ఇంకోసారి చూసుకుందామని. ముల్లు గీత దాటి వెళ్లింది.

గేజి కింద పడిందేమో అనుకుంది. సరిచూసుకునే ఉక్కు ముక్క పెట్టి చూసింది, గేజిలో లోపం లేదు. రెండో బోల్టు చూసింది, మూడోది చూసింది. అన్నీ గీత దాటే ఉన్నాయి.  తప్పు తనదే అనుకుంది ముందు. మొదటిసారి నమ్మి చేతిలో పెడితే ఇలా తగలబెట్టానా అని, అక్కడే స్టూలు మీద కూలబడింది. కాసేపటికి లేచి ఒక బోల్టు విప్పి చూసింది. అది తన పాత పొడుగుకి రాలేదు. దాని పని అయిపోయింది. ఇంకోటి విప్పింది, అదీ అంతే. అప్పుడు తట్టింది ఆమెకి. తను పొరపాటు పడి ఉంటే ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా ఉండేవి. ఇవన్నీ ఒకే పిసరు సాగి ఉన్నాయి. ఆ పిసరు ఎవరిదో ఈ ఇంట్లో అందరికీ తెలుసు.

ఒళ్లు మండింది. ముట్టుకోనని అందరి ముందూ మాటిచ్చి, దుప్పటి ఎత్తి మరీ ముట్టుకున్నారా అనుకుంది. ఆ వెంటనే ఇంకో సంగతి తోచి, కోపం కాస్తా చల్లబడింది. పాత ఇంజను కట్టింది మామగారే. దాని రాడ్డు బోల్టులకీ ఈ పిసరు తప్పి ఉండదు. నిరుడు కొండ మీద ఓడిపోయింది బ్లాకు కాదు, బోల్టు.

ఆ మాట నోట రానివ్వకూడదని గట్టిగా అనుకుంది. ఆ మాటే ఏముంది, అసలు ఏమీ చెప్పకుండానే కొత్త బోల్టులు తెప్పించి బిగించెయ్యవచ్చు. కాని సాయంత్రం అయ్యేసరికి ఆయన మళ్లీ వచ్చి మళ్లీ చివరి మాట చెబుతారు. అది ఆపాలంటే షాపుకి తాళం వేసి తాళంచెవి దాచుకోవాలి. మామగారి నుంచి దాచిపెట్టి కట్టేది తన ఇంజను ఎలా అవుతుంది? గేజి చేత్తో పట్టుకునే వెనక వసారాలోకి వెళ్లింది. మామగారు కాఫీ తాగుతున్నారు.

"మామయ్యా, నిన్న సాయంత్రం ఇంజను దగ్గరికి వెళ్లారా?"

"షాపు మూసేటప్పుడు వెళ్లానమ్మా. దుప్పటి జారింది, సర్దాను."

"బోల్టులేమైనా ముట్టుకున్నారా?"

"అయ్యో, మాటిచ్చాక ఎందుకు ముట్టుకుంటాను?" అని ఇంకో గుక్క తాగి, "చివరి మాట చెప్పానంతే," అన్నారు.

ఆయన మొహంలో దాపరికం లేదు. ఆయన లెక్కలో అది ముట్టుకోవడం కిందకి రాదు. గుమ్మం దాటేముందు చెప్పులు వేసుకున్నట్టు, చేశానన్న సంగతి కూడా తెలియకుండా చేసిన పని. ఈ మనిషి మీద ఏమని ఎగరాలో కొలతలమ్మకి తెలియలేదు. "ఒకసారి రండి మామయ్యా," అని షాపులోకి తీసుకువెళ్లింది.

పెట్టెలో వాడని బోల్టు ఒకటి అదనంగా ఉంది. దాన్ని గేజిలో పెట్టి చూపించింది. తరవాత విప్పిన బోల్టు పెట్టింది. మామగారు కళ్లజోడు పైకెత్తుకుని ముల్లు చూశారు. రెండు బోల్టులూ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని అటూ ఇటూ దొర్లించారు.

"చూడటానికి ఒకేలా ఉన్నాయి."

"అదే వీటితో వచ్చిన తంటా మామయ్యా."

"నేను లాగింది ఎంతని? పిసరంత."

"వీటికి పిసరే ఎక్కువ. లారీవైతే లావుగా ఉంటాయి, తట్టుకుంటాయి. ఇవి హద్దు మీద బతికేవి."

ఆయన వాదించలేదు. స్టూలు మీద కూర్చున్నారు. బయట ఎవరో స్కూటరు ఆపి, మేస్త్రీ అని పిలిచి, జవాబు రాక వెళ్లిపోయారు. కొలతలమ్మ విప్పిన బోల్టులు ఏరి డబ్బాలో వేస్తూ, ఆయన ఆలోచన ఎటు వెళుతోందో తెలిసి, అటు వెళ్లకుండా ఉంటే బాగుండునని కోరుకుంది.

"మరి పాతదానికీ చివరి మాట చెప్పాను కదమ్మా," అన్నారు మామగారు.

ఆమె డబ్బాకి మూత పెట్టింది.

"బ్లాకుని ఆడిపోసుకున్నాను. చిన్నదైనా అది మోసేదే." ఆయన అరచేతిలోని బోల్టులు బల్ల మీద పెట్టేశారు. "నీకు తెలుసా ఈ సంగతి?"

"ఇవాళ పొద్దున్నే తెలిసింది."

"బోల్టు అంత లాగకూడదని?"

ఇక్కడ అబద్ధం ఆడటం తేలిక. ఆమె ఆడలేకపోయింది. "అది ముందే తెలుసు మామయ్యా. మా నాన్న దగ్గరే నేర్చుకున్నాను. మీరు పాతదాన్ని కట్టేటప్పుడు పక్కనే ఉన్నాను. చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"మీకెలా చెప్తాను? మీరు మేస్త్రీ, నేను కోడల్ని."

మామగారు ఆమె వంక తేరిపార చూశారు. కోప్పడతారనుకుంది. ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "బాగుంది. నేను వేలు పెట్టి చెడగొట్టాను, నువ్వు నోరు మూసుకుని చెడగొట్టావు. ఇద్దరం కలిసి పిల్లని కొండ మీదికి పంపాం," అన్నారు. కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "ఇక మీద చెప్పు. మొహమాటపడకు. నా పెద్దరికం దాని ప్రాణం కంటే ఎక్కువా?" అన్నారు. కొలతలమ్మ తలూపింది. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. ఆయన లేచి ఆమె తల మీద చెయ్యి వేసి, కాఫీ సగంలో వదిలి వచ్చాననే నెపంతో లోపలికి వెళ్లిపోయారు.

సాయంత్రం తూనీగ రాగానే, ఎవరూ అడగకముందే, ఆయనే చెప్పేశారు. "నీ ఇంజను పగలడానికి కారణం నేనేనమ్మా. బోల్టులు ఎక్కువ లాగాను." తూనీగ బ్యాగు భుజాన అలాగే ఉంచుకుని విన్నది. తండ్రి మొహం చూసింది, వదిన మొహం చూసింది.

"అయితే ఆ కిటికీ నీ పనా నాన్నా. నేను గేరు తప్పు వేశానేమో అని ఇన్నాళ్లూ లోపల్లోపల చస్తున్నాను," అంది. "పోనీలే. చిన్నదాంతో ఎప్పుడూ రెండో స్థానమే. నువ్వు పగలగొట్టబట్టే కదా నాకు పెద్దది వస్తోంది."

"నవ్వులాట కాదే."

"నవ్వకపోతే నువ్వు అన్నం తినవు," అని ఆయన పక్కన కూర్చుంది. తూనీగ అంతసేపు ఒకచోట కూర్చోవడం ఇంట్లో ఎవరూ చూడలేదు. మామగారు ఆ పూట అన్నం తిన్నారు, అత్తగారు రెండోసారి వడ్డిస్తే వద్దనలేదు.

కొత్త బోల్టులు వచ్చిన రోజున మామగారు షాపులో అడుగు పెట్టలేదు. తన చేతుల మీద తనకే నమ్మకం లేదని చెప్పి, ఎదురుగా ఉన్న మంగలి షాపులో వెళ్లి కూర్చున్నారు. తల మీద నాలుగు వెంట్రుకలు కూడా లేని మనిషి అంతసేపు అక్కడేం చేశారని అత్తగారు తరవాత ఆరా తీస్తే, మంగలి నవ్వుతూ, "గడ్డం గీయించుకున్నారమ్మా. అది అయ్యాక గీయడానికి ఏమీ లేదు, అయినా లేవలేదు," అన్నాడు. కొలతలమ్మ ఒక్కతే బిగించింది, ఒక్కతే కొలిచింది. మర్నాడు పొద్దున మళ్లీ కొలిచింది. ముల్లు గీత మీద ఉంది. సంతోషం వేసింది. వెనక్కి తిరిగి చెబుదామంటే చేతులు కట్టుకుని తిరిగే మనిషి లేకపోవడం మాత్రం బాగోలేదు.

తరవాత హెడ్డు ఎక్కింది, టర్బో ఎక్కింది, ఇంజను కారులోకి దిగింది. మొదటిసారి స్టార్టు చేసిన పూట భర్త లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని తాళం తిప్పాడు. రెండుసార్లు దగ్గింది. మూడోసారికి అందుకుంది. పాతదానికంటే గొంతు లావు. రేకు పళ్లెంలోని స్పానర్లు సన్నగా మోగాయి. కొలతలమ్మ నూనె ఒత్తిడి చూసింది, కింద వంగి ఎక్కడా కారడం లేదని చూసింది, ఇంకోసారి చూసింది. మామగారు గుమ్మం దగ్గరే గోడకి చెవి ఆనించి కళ్లు మూసుకుని విన్నారు. అత్తగారు వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి, "ఇప్పుడు ఇల్లు ఇంకో పక్కకి ఒరుగుతుంది," అన్నారు.

నాలుగు చోట్ల మెల్లగా తిప్పి ఇంజనుని మచ్చిక చేసుకున్నాక, దాని సత్తా కొలిపించడానికి పట్నం చివర ఉన్న షెడ్డుకి తీసుకువెళ్లారు. అక్కడ కారుని నేలకి పటకాలతో కట్టి, చక్రాలు రోలర్ల మీద పెట్టి, కదలకుండానే పూర్తి జోరులో పరుగెత్తిస్తారు. షెడ్డాయన లావుపాటి మనిషి, మామగారికి పాత పరిచయం. తూనీగ స్టీరింగు ముందు కూర్చుంది. కాలు అదిమింది. షెడ్డు రేకులు అదిరాయి. టర్బో ఈలకి చెవులు మూసుకోవాల్సి వచ్చింది. కొలతలమ్మ మూసుకోలేదు. ముల్లు పైకి వెళుతుంటే ఆమె చూస్తున్నది మాత్రం కారు లోపలి మనిషిని. నాలుగు సిలిండర్లలో చిటికెనవేలంత బోల్టులు ఆ పిల్లని కాస్తున్నాయి, వాటిని బిగించింది తను. ఇంజను శాంతించాక గాని ఆమె చూపు తిప్పుకోలేదు. ఇంకోసారి పరుగెత్తించారు. మరోసారి. సత్తా అంకె నిరుటి దానికి ఒకటిన్నర రెట్లు వచ్చింది. తూనీగ కిందకి దిగి వదినని గట్టిగా వాటేసుకుంది.

షెడ్డాయన అంకెలున్న కాగితం పట్టుకుని నేరుగా మామగారి దగ్గరికి వచ్చాడు. "ఇంత ఒత్తిడి మీద ఇంత నున్నగా పరుగెత్తే ఇంజను ఈ షెడ్డులో చూడలేదు మేస్త్రీ. ఏమైనా మీ పనితనం మీదే," అన్నాడు.

మామగారు కాగితం తీసుకోలేదు. "నేను ముట్టుకోలేదయ్యా. ముట్టుకున్నది ఒకటి పగిలింది. ఇది మా కోడలు కట్టింది, మొదటి నుంచి చివరిదాకా," అన్నారు.

షెడ్డాయన నవ్వబోయి, ఆయన నవ్వడం లేదని చూసి ఆగిపోయాడు. కాగితం తిప్పి కొలతలమ్మ చేతికిచ్చాడు. "మా తమ్ముడిది కూడా ఇలాంటి బ్లాకే ఒకటి పడి ఉందమ్మా. కట్టి పెడతారా?" అని ఆమెనే అడిగాడు.

కొలతలమ్మ అలవాటు కొద్దీ మామగారి వైపు చూసింది. ఆయన పైకప్పు రేకులు లెక్కపెడుతున్నట్టు తల ఎత్తుకుని నిలబడ్డారు. జవాబు తనే చెప్పాలని అర్థమైంది.

"పంపించండి," అంది. తరవాత మామగారి దగ్గరికి వెళ్లి, "ఆ ఇంజనుకి బోల్టులు మీరు బిగించాలి మామయ్యా. నేను పక్కన నిలబడి కొలుస్తాను. హద్దు రాగానే ఆపమంటాను," అంది.

"ఆపకపోతే?"

"ఆపేదాకా అరుస్తాను."

మామగారు కోడలి వంక చూశారు. ఆ వీధుల్లో లారీలన్నిటికీ తనే దిక్కని పేరున్న మనిషి, వెనక్కి కట్టుకున్న చేతులు విడదీసి ముందుకి తెచ్చుకున్నారు.

"పొద్దున ఎన్నింటికి రమ్మంటావు మేస్త్రీ?" అన్నారు.

అక్కడ తూనీగ ఉంది, భర్త ఉన్నాడు, షెడ్డాయన ఉన్నాడు. ఎవరూ నవ్వలేదు. కొలతలమ్మ చేతిలోని అంకెల కాగితం జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టింది.

"కాఫీ పూర్తిగా తాగి రండి," అంది.